బాపు పంచిన మౌత్‌పీసులు

మా బాపు ఒక దీపావళికి తన బ్యాండులో బూరలు ఊదేవాళ్ళకి కానుకలు ఇచ్చాడు. ఆ కానుకల వల్లనే ప్రాణంలాంటి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు. అప్పుడు నేను నాలుగో తరగతి. మల్లేశం మామ ఆ రోజు నుంచి బాపుతో ఒక్క మాట మాట్లాడలేదు. తప్పంతా బాపుదేనని నేను డిగ్రీ అయ్యేదాకా, పెళ్ళయ్యేదాకా, నాకో పిల్ల పుట్టి దానికి ఆరేళ్ళు వచ్చేదాకా నమ్మాను. మొన్న గురువారం మధ్యాహ్నం ఆ నమ్మకం పోయింది. పిల్ల పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేము గుజరాతీవాళ్ళ ఊళ్ళో, గోడాదరా అనే పేటలో, మగ్గాల కారఖానా వెనక వరుస గదుల్లో ఉండేవాళ్ళం. గదులు కారఖానా యజమాని సేఠ్‌వే. ఎవరికి ఏ గది ఇవ్వాలో, ఎవర్ని ఖాళీ చేయించాలో ముకాదం, అంటే పనివాళ్ళ మీది మేస్త్రీ, చూసుకునేవాడు. గోడకి అవతల మగ్గాలు ఆడుతుంటే అమ్మ పొయ్యి పక్కన పెట్టిన గ్లాసులో నీళ్ళు వణుకుతూ ఉండేవి. మగ్గాలు ఆగితేనే నాకు మెలకువ వచ్చేది. బాపు ఒంటి నుంచి ఎప్పుడూ మగ్గం నూనె వాసన వచ్చేది, స్నానం చేసినా పోయేది కాదు. బాపు, మల్లేశం మామ జోడీ. అంటే ఒకే మగ్గాల మీద ఒకరు పగలు, ఒకరు రాత్రి. ఒక వారం ఇతనిది పగలైతే మరుసటి వారం అతనిది. మగ్గం ఆగకుండానే ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయేది. ఇద్దరూ సిరిసిల్ల వైపు నుంచి ఒకే రైల్లో వచ్చారట. పెళ్ళిళ్ళు కాకముందు ఒకే మంచం మీద ఒకరు లేస్తే ఒకరు పడుకున్నారట. తర్వాత పక్కపక్క గదులు. రెండు గదులకీ ఒకటే నీళ్ళ డ్రమ్ము. రెండు గదులకీ ఒకటే ట్రంపెట్, మధ్య గోడకి మేకు కొట్టి తగిలించి ఉండేది.

బ్యాండు అంటే పెద్దదేం కాదు. మా వరుసలోని మగవాళ్ళే. రెండు ట్రంపెట్లు, ఊదేవాళ్ళు నలుగురు, రెండు డోళ్ళు. ఊళ్ళో పెళ్ళి మేళంలో బాపు చిన్నాన్న ఊదేవాడట, ఆయన దగ్గర బాపు నేర్చుకున్నాడు, బాపు దగ్గర మిగతావాళ్ళు నేర్చుకున్నారు. రోజూ ఊదే పెదవులు కావు గనక ఒక పాట అయ్యేసరికి మంట పుట్టేది. అందుకని ఒక పాట బాపు, ఒక పాట మల్లేశం మామ. పాట అయిపోగానే బూర కొసన నోరానించే మౌత్‌పీసుని భుజం మీది తువాలుతో ఒక్కసారి తుడిచి అవతలి మనిషి చేతికి ఇచ్చేవారు. మగ్గం మీదా అంతే. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు కండె మార్చినప్పుడల్లా దాని కన్నంలోంచి పోగు బయటికి రావాలంటే నోటితో పీల్చేవారు. పగలు బాపు పీల్చిన నాడెనే రాత్రి మల్లేశం మామ పీల్చేవాడు. అది తప్పని ఎవరికీ తోచలేదు. మగ్గాల పనికి వచ్చిన ప్రతి మనిషీ మొదటి రోజు నేర్చుకునేది అదే.

దీపావళికి కారఖానాలు మూసేసేవారు. మళ్ళీ ఐదో రోజున, లాభ పంచమి నాడు తెరిచేవారు. ఆ రోజు పొద్దున్నే ప్రతి మగ్గానికీ కుంకుమతో స్వస్తిక్ గీసి, కొబ్బరికాయ కొట్టి, మా వాళ్ళ బ్యాండు వాయిస్తుండగా సేఠ్ మొదటి మగ్గం ఆన్ చేసేవాడు. ఆ తర్వాత బ్యాండు వాళ్ళకి కానుకలు. ఒక ఏడు అందరికీ ఒకే రకం గోడ గడియారాలు ఇచ్చాడు. మా వరుసలో ఏ గదిలో చూసినా అదే గడియారం, ఏ రెండూ ఒకే టైం చూపించేవి కావు. ఒక ఏడు ఆకుపచ్చ షర్టు ముక్కలు ఇచ్చాడు. అవి కుట్టించుకుని ఆరుగురూ వరుసగా నిలబడితే మల్లేశం మామ భార్య లక్ష్మత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఏందే వదినా, మనోళ్ళు బ్యాండోళ్ళ లెక్క లేరు, దవాఖాన్ల వార్డుబాయిల లెక్క ఉన్నరు!" మూడేళ్ళు వరుసగా అన్నం వేడిగా ఉండే డబ్బాలు ఇచ్చాడు. "వేడిగ పెట్టనీకి అన్నమే లేదు, డబ్బలు మూడున్నయి" అనేది అమ్మ. బూర ఊదేవాళ్ళకి బూరకు పనికొచ్చేది ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. పిస్టన్లు బిగుసుకుంటే వీళ్ళు మగ్గాల నూనే పోసేవారు. అది చిక్కన, ఇంకా బిగుసుకునేవి.

నా నాలుగో తరగతి ఏడు, మొదటిసారి బాపు కానుకలు ఇచ్చాడు. సేఠ్ పంచడం అయ్యాక బాపు సంచీలోంచి మూడు చిన్న పెట్టెలు తీశాడు. బంగారు రంగు కాగితంలో చుట్టి ఉన్నాయి, చుట్టింది అమ్మ. మిగతా ముగ్గురికీ తలా ఒకటి ఇచ్చాడు. లోపల తళతళలాడే కొత్త మౌత్‌పీసులు. నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. మా బాపు సేఠ్ కంటే గొప్పవాడనిపించింది. మిగతా ఇద్దరూ మురిసిపోయి అక్కడికక్కడే బిగించి చూసుకున్నారు. మల్లేశం మామ మాత్రం అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మంచిగున్నది రాజన్నా. మరి ఉన్నదానికి ఏమైంది?"

"ఏం కాలే. ఇగ నుంచి ఎవలది వాళ్ళకు ఉండాలె గదా."

"ఎవలది వాళ్ళకంటే?"

"గంతే మల్లేశం. నాది నాకు, నీది నీకు."

మామ నవ్వుతూనే అడిగాడు. "ఏందన్నా, పదేండ్లు నీ ఎంగిలి నేను, నా ఎంగిలి నువ్వు. ఇయ్యాల నా నోరు గలీజైందా?"

బాపు ఏదో ఒక మాట అనాల్సింది. అనలేదు. కిందికి చూస్తూ నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఆ చూపు ఒకటే అర్థమైంది. వేరే గ్లాసు పెట్టడం అంటే ఏమిటో మా వాళ్ళందరికీ తెలుసు. ఊళ్ళల్లో చూసి వచ్చినవాళ్ళే, పడి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మల్లేశం మామ నవ్వు ఆగిపోయింది. "పండుగ పూట మంచి కానుక ఇచ్చినవ్ తియ్యి. నన్ను వేరే పంక్తిల కూసోబెట్టినవ్" అన్నాడు. మౌత్‌పీసుని మగ్గం మీద, ఆరని కుంకుమ మీదనే పెట్టి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా పాండేసరలో రంగుల మిల్లులో పని చూసుకుని, ఊరికి ఇంకో కొసన ఉన్న వడోద్‌కి మారిపోయారు. లక్ష్మత్త వెళ్ళేటప్పుడు నీళ్ళ డ్రమ్ము కూడా మాకే వదిలేసింది. ఆమె చంటిపిల్లవాణ్ణి చంకనేసుకుని వెనక్కి చూడకుండా పోవడం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

నేను బాపుని క్షమించలేదు. ఆ ఏడాదంతా బాపు అలాగే మారిపోయాడు మరి. పడుకోవడం డాబా మీదికి మార్చాడు, గదిలో ఉక్క అన్నాడు, చలికాలంలో కూడా. పని నుంచి రాగానే నన్ను ఎత్తి తిప్పేవాడు, అది మానేశాడు. "ఇంత పెద్దగయినంక ఎత్తుకునుడేంది" అన్నాడు. ముద్దు పెట్టబోతే మొహం పక్కకి తిప్పుకునేవాడు. పొద్దున్నే అమ్మ రెండు గుడ్లు ఉడకబెట్టి బాపు ఒక్కడికే పెట్టేది, నేను అడిగితే కసిరేది. సైకిలు చువ్వ వంచి కొక్కెం చేసుకుని నాడెలో పోగుని దానితో లాగడం మొదలుపెట్టాడు. తోటివాళ్ళు "సుతారం రాజయ్య" అని పేరు పెట్టారు. ఒకసారి బాత్రూములో నీళ్ళు ఎర్రగా ఉంటే భయపడి అరిచాను, బీట్‌రూట్ తిన్నానన్నాడు. మా ఇంట్లో బీట్‌రూట్ ఎప్పుడు తెచ్చారా అని ఆలోచించాను గానీ, అడగలేదు. ఇవన్నీ కలిపి నేను నా బుర్రలో ఒకే లెక్క కట్టుకున్నాను. మా బాపుకి శుభ్రం పిచ్చి పట్టింది, మనుషులంటే అసహ్యం పుట్టింది, నేనన్నా అంతే. కాలేజీలో ఒక స్నేహితురాలికి మా బాపు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు "కొంచెం అహంకారి" అన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే.

అమ్మ పోయి మూడేళ్ళు. అప్పట్నుంచి బాపు మాతోనే ఉంటున్నాడు. గురువారం మా ఆయన మార్కెట్‌కి వెళ్ళాడు, నేను వంటింట్లో ఉన్నాను. ఒక్కసారిగా గేదె అరిచినట్టు చప్పుడు వచ్చింది. వెళ్ళి చూస్తే మా తన్వి తాత పెట్టె తెరిచి, ట్రంపెట్ నోటికి ఆనించుకుని బుగ్గలు పూరించి ఉంది.

"మమ్మీ, దేఖో, బజా! తాతా, నేను వాయించిన!"

బాపు మంచం మీంచి లేచి వచ్చి, దాని చేతిలోంచి ట్రంపెట్ లాక్కున్నాడు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి "వద్దు బిడ్డా, నోట్లె పెట్టకు!" అని అరిచాడు. పిల్ల బిత్తరపోయి ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టడానికి ఆయన బాల్కనీలోకి తీసుకుపోయాడు. నేను కింద పడ్డ బట్టలు సర్దుతుంటే ట్రంపెట్ డబ్బా మఖ్మల్ గుడ్డ కింద నుంచి మడతపెట్టిన అట్ట కాగితం ఒకటి జారింది. గుజరాతీలో ఉంది. సర్కారు దవాఖానా కార్డు. బాపు పేరు. కింద జబ్బు పేరు. క్షయ అన్న మాట గుజరాతీలోనూ అదే. వరుసగా గళ్ళు, గళ్ళల్లో టిక్కులు. మొదటి టిక్కు ఆ దీపావళికి ముందు నెలలో పడి ఉంది.

ఆ తర్వాత నేను చేసిన పని రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. నేను బాపు కోసం బాధపడలేదు, ముందు. పిల్ల నోరు కడిగించాను, సబ్బుతో. అది మళ్ళీ ఏడ్చింది. సాయంత్రం టీ పెట్టి, బాపు రోజూ తాగే కప్పు పక్కన పెట్టేసి, ఎవరూ వాడని స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. బాపు గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు. తాగి, తనే కడిగి, మా గిన్నెలకి దూరంగా కిటికీ గట్టు మీద బోర్లించాడు. ఎంతో అలవాటైన పనిలా చేశాడు. నేను బీకాం చదివిన దాన్ని, పిల్లలకి ట్యూషన్ చెప్పేదాన్ని. నా చెయ్యి అంత పని ఎలా చేసిందో నాకు తెలియలేదు.

మర్నాడు పిల్లను తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె కార్డు తిప్పి తిప్పి చూసింది. ఒక్క టిక్కు కూడా తప్పలేదని మెచ్చుకుంది. అప్పట్లో నేను బాత్రూములో చూసిన ఎరుపు ఆ మందు బిళ్ళల వల్ల మూత్రానికి వచ్చే రంగేనంది. పూర్తిగా నయమైన మనిషి, ఇన్నేళ్ళయింది, పిల్లకి ఏ భయమూ లేదంది. ఇంకో మాట కూడా చెప్పింది. అది ముఖ్యంగా దగ్గితే గాలిలోంచి వచ్చే జబ్బట, ఇత్తడి ముక్కల వల్లా గ్లాసుల వల్లా అంటుకునేది కాదట. అంటే ఆ మూడు మౌత్‌పీసులూ అక్కర్లేదు. ఒక మనిషి పదేళ్ళ స్నేహాన్ని ధారపోసి కొన్న కానుకలు.

ఇంటికి వచ్చి కార్డు బాపు ముందు పెట్టాను. ఆయన దాని అంచులు సరిచేశాడు.

"మీ అమ్మ చింపెయ్యమన్నది. నాకే మనసొప్పలె. ఆర్నెల్లు పొద్దుపొద్దున్నే పోయి ఆ సిస్టరమ్మ ముంగటనే మింగిన బిడ్డా. పరీక్ష పాసైన కాయితం లెక్క అనిపించింది."

"ఎందుకు చెప్పలేదు బాపూ? మల్లేశం మామకన్నా?"

"చెప్తే ముకాదంకు తెలుస్తది. గది పోతది, మగ్గం పోతది. ఆడపిల్ల ఉన్నదని మీ అమ్మ ఒకటే ఏడుపు. మల్లేశం నా బూర ఊదుతడు, నేను పీల్చిన నాడె పీలుస్తడు. వద్దంటే ఎందుకంటడు. పండుగ కానుక అంటే కాదనడు గదా అనుకున్న." కార్డు మడతపెట్టాడు. "గట్ల అనుకుంటడని నాకు తోచలె."

"మరి అన్నాక అయినా చెప్పాల్సింది."

"అందరి ముంగట ఎట్ల చెప్తనే? తర్వాత పోదామంటే ఆయిన వడోద్ పాయె."

డాక్టరమ్మ చెప్పిన రెండో మాట, బూరల వల్లా గ్లాసుల వల్లా అంటుకోదన్నది, నేను ఆయనకి చెప్పలేదు. మొన్నటిదాకా నిజం దాచినందుకు ఆయన మీద కోపంతో ఉన్న నేను, ఒక్క గంటలో నేనూ ఒకటి దాచాను. చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో లేదో తెలియదు.

ఆదివారం నేనే పట్టుబట్టి బాపుని వడోద్ తీసుకెళ్ళాను. మల్లేశం మామ క్షమాపణ చెప్తాడని, ఇద్దరూ కావలించుకుంటారని, నేను ఆటోలో దారంతా అదే ఊహించుకున్నాను. మామ తలుపు తీసి బాపుని చూసి పక్కకి తప్పుకున్నాడు, లోపలికి రమ్మని అనలేదు. రంగుల మిల్లు ఆయన చేతుల్ని గోళ్ళదాకా నీలం చేసేసింది. లక్ష్మత్తే "ఎంత పెద్దగైనవే పోరీ!" అని నన్ను లాక్కుని కూర్చోబెట్టింది. బాపు నిలబడే కార్డు ఇచ్చాడు. మామకి గుజరాతీ చదవడం రాదు. నేను చదివాను. జబ్బు పేరు చదివినప్పుడు లక్ష్మత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొదటి నెల పేరు చదివినప్పుడు మామ తలెత్తాడు.

"గా పండుగకు ముంగటనేనా?"

"ముంగటనే" అన్నాడు బాపు.

మామ మొహం ఎర్రబడింది. "ఇన్నేండ్లు నన్ను తిట్టుకుంట బతకనిచ్చినవ్. ప్రతి లాభ పంచమికి నిన్ను తిట్టిన రాజన్నా. నా పోరగాండ్లకు చెప్పి మరీ తిట్టిన. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"చెప్తే ఏం చేసెటోనివి?"

ఆ ప్రశ్న బాపు కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నేను మామ వంక చూశాను. ఏం చేసేవాణ్ణి, నీకు తోడుండేవాణ్ణి, నీ షిఫ్టు కూడా నేనే చేసేవాణ్ణి అంటాడనుకున్నాను. ఆయన లక్ష్మత్త వంక చూశాడు. ఆమె నేల వంక చూస్తోంది. పై ఫ్లాటు బాల్కనీలో పిల్లలు దీపావళికి మిగిలిన టపాకాయలు కాలుస్తున్నారు.

"ముకాదంకు చెప్పెటోన్ని" అన్నాడు మామ. "ఆ పూటనే చెప్పెటోన్ని. నడుమ ఒక్కటే గోడ. నా పోరడు అప్పుడు ఎనిమిది నెలలోడు."

బాపు తల ఊపాడు. ఇన్నేళ్ళుగా తనకు తెలిసిన సంగతే ఎదుటి మనిషి నోట విన్నట్టు, ఎప్పుడో ఎత్తుకున్న బరువు ఎవరో అందుకున్నట్టు, మెల్లగా గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"నేనైనా గట్లనే చేస్తుంటి మల్లేశం. నాకూ బిడ్డ ఉండె."

మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పాండేసరలో ఏ మిల్లు ఎప్పుడు తెరుస్తున్నారో, ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను వాళ్ళ మాటలు వినడం లేదు. ముకాదంకు చెప్పెటోన్ని అన్న మాటే చెవిలో ఉంది. అంత మంచి మనిషి, ఒకే మంచం పంచుకున్న మనిషి, రెండో ఆలోచన లేకుండా అన్నాడు. ఆయన్ని తప్పు పట్టాలని చూశాను. నా వల్ల కాలేదు. ఆ వరుస గదుల్లో, గోడకి ఇవతల ఎనిమిది నెలల తన్విని ఒళ్ళో పెట్టుకుని నేను ఉండి ఉంటే, మామ కంటే ముందు నేనే వెళ్ళి ఆ ముకాదం తలుపు కొట్టేదాన్ని.